పాత కారుకు కొత్త ఇంజను

మా నాన్నగారు గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్నారు. పట్నంలో స్థిరపడమని ఎందరు చెప్పినా వినక, కృష్ణాజిల్లాలో పామర్రుకు దగ్గరగా ఉన్న మా ఊరికే తిరిగివచ్చి ప్రాక్టీసు పెట్టుకున్నారు. మొదటి పదేళ్ళూ సైకిలు మీదనే చుట్టుపక్కల ఊళ్ళు తిరిగారు. 1968లో ఒక కాంట్రాక్టరు అమ్మకానికి పెట్టిన అంబాసిడరు కారును కొన్నారు. అది 1964లో తయారైన ‘మార్క్ టూ’ రకం. రంగు పాలమీగడది. ఆ కారుకు నేను 1999లో చేసిన ఒక పని గురించి, ఆ పని చేయడంలో నేను చేసిన ఒక తప్పు గురించి చెప్పాలని ఇన్నాళ్ళకు కూర్చున్నాను.

మీలో చాలామంది అంబాసిడరును రోడ్డు మీద నడుస్తుండగా చూసి ఉండరు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో వచ్చిన కారు నమూనాను తీసుకొని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివరి నుంచి దానిని తయారుచేసింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయేదాకా దాని రూపం పెద్దగా మారలేదు. గుండ్రని వీపు, ఉబ్బిన బుగ్గలు, ఎత్తయిన కప్పు. తలపాగా తీయకుండా లోపల కూర్చోవచ్చునని మా తాతగారు మెచ్చుకునేవారు. ముందు సీటు ఒకే బల్లలాగా ఉండేది. గేరు కర్ర స్టీరింగు కిందనే ఉండడం వల్ల ముందు ముగ్గురు, కాస్త సర్దుకుంటే నలుగురు కూర్చునేవారు. నా బాల్యంలో నాకు లభించిన అత్యున్నత స్థానం ఆ ముందు సీటు నడిమధ్యన, నాన్నగారి మోచేతి పక్కన.

ఆ కారు మాకు విలాసవస్తువు కాదు. అది సగం ఆసుపత్రి. కాన్పు కష్టమైన తల్లులను, పాము కరచిన కూలీలను, పురుగుమందు గాలి సోకి పడిపోయిన రైతులను వెనుక సీటులో పడుకోబెట్టి, నాన్నగారు అర్ధరాత్రివేళ విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకుపోయేవారు. ఇద్దరు పిల్లలు ఆ సీటులోనే పుట్టారు. వారిలో ఒకతనికి ఇప్పుడు నలభై ఏళ్ళు దాటినా, ఊళ్ళో వాళ్ళు ‘కారబ్బాయి’ అనే పిలుస్తారు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. సముద్రం ఊళ్ళమీద పడి, వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మూడోనాటికి దారి కొద్దిగా తెరుచుకోగానే, నాన్నగారు మందుల పెట్టెలు కారులో నింపుకొని కూచిపూడి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వైపు బయలుదేరారు. కూలిన చెట్ల పక్కనుంచి, పొలాల గట్ల మీదుగా ఆ బండిని ఎలా నడిపారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. రేడియేటరులో నీళ్ళు మరిగి ఆవిరైపోయినప్పుడల్లా, దొరికిన గుంటలో నీళ్ళు చేదతో ముంచి పోశారని మాత్రం తెలుసు. ఉప్పునీరో, బురదనీరో చూసే వ్యవధి ఎక్కడిది? పన్నెండు రోజులు అలా తిరిగారు. ఆ పన్నెండు రోజుల ఫలితం ఇరవై రెండేళ్ళ తరువాత బయటపడింది.

నాన్నగారికి ఒక అలవాటుండేది. ఎర్ర అట్ట ఖాతాపుస్తకంలో కారుకు సంబంధించిన ప్రతి విషయం రాసేవారు. తేదీ, మీటరు మీద అంకె, పోసిన పెట్రోలు, చేయించిన పని. భాష మాత్రం పాతకాలపుది: ‘ఆయిలు మార్చితిని’, ‘ఎడమ టైరు పంక్చరు అయినది’. ఉప్పెన రోజులకు కూడా ఆ పుస్తకంలో ఉన్నది ఒక్కొక్క పంక్తే. ‘అవనిగడ్డ. నీళ్ళు ఆరుసార్లు పోసితిని.’ అంతకుమించి ఒక్క మాట లేదు.

1999 వర్షాకాలంలో కారు హఠాత్తుగా వేడెక్కడం మొదలుపెట్టింది. అప్పటికి నేను మెకానికల్ ఇంజనీరింగులో డిప్లొమా ముగించి, విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాను. ఆయిలు గేజి కడ్డీని బయటికి లాగి చూస్తే, నల్లగా ఉండవలసిన ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉన్నది. నీరు ఆయిలులో కలుస్తున్నదని అర్థం. కారును తాళ్ళతో ట్రాక్టరుకు కట్టించి విజయవాడ ఆటోనగరుకు తీసుకుపోయాను.

ఆ రోజుల్లో ఆటోనగరులో దొరకని వస్తువు, జరగని మరమ్మతు ఉండేది కాదు. అక్కడ మా కారును నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్న మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. మేమంతా ఆయనను సాయిబుగారని పిలిచేవాళ్ళం. ఆయన బడి మొహం చూసినవాడు కాదు. ఇంజను నడుస్తుండగా దానికి పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడిని చెవికి పెట్టుకొని, వైద్యుడు గుండె చప్పుడు విన్నట్లు వినేవాడు. అది చూసి నాన్నగారు ఆయనను ‘మా డాక్టరుగారు’ అని పరిచయం చేసేవారు.

సాయిబుగారు హెడ్డు విప్పి, పిస్టన్లు తీసి, బ్లాకును బల్లమీద బోర్లించారు. ఇంజనులో మిగిలిన భాగాలన్నీ మార్చదగినవే. బ్లాకు ఒక్కటే ఇంజనుకు దేహం. ఒకే అచ్చులో పోసిన ఇనుప దిమ్మె అది. అందులోనే నాలుగు సిలిండర్లు ఉంటాయి. వాటిచుట్టూ నీరు ప్రవహించే బోలు గదులుంటాయి. కింద క్రాంక్ షాఫ్టు తిరిగే పీఠాలుంటాయి. సిలిండర్లు అరిగినప్పుడు వాటిని కొద్దిగా పెద్దవిగా తొలిచి, పెద్ద పిస్టన్లు వేస్తారు. దీనినే ‘బోరు చేయించడం’ అంటారు. మా బ్లాకును 1972లో ఒకసారి ఇరవై ‘థౌ’, అంటే అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై, బోరు చేయించారు. 1981లో నలభైకి వెళ్ళింది. 1990లో ఇక తొలిచేందుకు లోహం లేక, లోపల కొత్త స్లీవులు దిగ్గొట్టి మళ్ళీ మొదటి కొలతకు తెచ్చారు. ఇవన్నీ ఎర్ర పుస్తకంలో ఉన్నాయి.

ఈసారి సాయిబుగారు నీటిగదుల మూతలు ఊడదీసి, సన్నటి ఊచతో లోపల గోకారు. తుప్పు, ఉప్పు, ఒండ్రు కలిసి గట్టిపడిన పెళ్ళలు రాలిపడ్డాయి. దోసెడు దాకా వచ్చాయి. ఆ పెళ్ళలు అడ్డుపడి, నీరు చేరని చోట ఇనుము ఏళ్ళ తరబడి కాగి కాగి, మూడో సిలిండరు గోడ మీద వెంట్రుకవాసి పగులు వచ్చింది. కిరసనాయిలుతో తుడిచి, సుద్దపొడి చల్లి నాకు చూపించారు. తెల్లటి పొడి మధ్య నల్లటి గీత ఒకటి మెల్లగా తేలింది.

“ఇది డాక్టరుగారి ఉప్పెన బాబూ,” అన్నారు సాయిబుగారు. “అప్పుడు తాగిన నీళ్ళు ఇప్పుడు కక్కుతోంది.”

పోత ఇనుమును అతకడం సులభం కాదు. దిమ్మెనంతటినీ ఒకే రీతిగా వేడిచేసి, అతికి, మళ్ళీ నెమ్మదిగా చల్లార్చాలి. లేకపోతే అతుకు పక్కనే కొత్త పగులు పుడుతుంది. అంత శ్రమపడినా సిలిండరు గోడ నిలుస్తుందని హామీ లేదు. అలాంటిదే పాత బ్లాకు మరొకటి ఆటోనగరులో వెదికితే దొరుకుతుందని సాయిబుగారు చెప్పారు. నాన్నగారు కోరుకున్నది కూడా అదే. ఆ మాట ఇక్కడ దాచకుండా చెప్పడం నా ధర్మం. కొత్తరకం ఇంజను పెట్టాలన్న ఆలోచన పూర్తిగా నాది.

1990ల మొదట్లో హిందుస్థాన్ మోటార్స్ వారే అంబాసిడరులో జపాను దేశపు ఇసుజు సంస్థ రూపొందించిన 1817 సి.సి. ఇంజనును పెట్టి అమ్మడం ప్రారంభించారు. మా పాత ఇంజను 1489 సి.సి. దాని శక్తి సుమారు 50 అశ్వశక్తి. కొత్తదాని శక్తి సుమారు 75. పాతదాని సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే ఎత్తు 88.9. అంటే అది సన్నగా, పొడుగ్గా ఉండే రకం. నిదానంగా, ఓపికగా లాగుతుంది. కొత్తదాని వ్యాసం 84, ఎత్తు 82. పిస్టను ప్రయాణించే దూరం తక్కువ కనుక చురుకుగా తిరుగుతుంది. పాతదానిలో క్యామ్ షాఫ్టు బ్లాకు లోపల ఉండి, పొడవాటి కడ్డీల ద్వారా వాల్వులను తెరుస్తుంది. కొత్తదానిలో అది హెడ్డు మీదనే కూర్చున్నది. ఈ లెక్కలన్నీ నేను కాగితం మీద వేసి నాన్నగారికి చూపించాను. లారీలను దాటడం తేలిక, రోగులను త్వరగా చేర్చవచ్చు, మరో ఇరవై ఏళ్ళు చూసుకోనక్కరలేదు అని వాదించాను. నేను చెప్పని కారణం ఇంకొకటి ఉన్నది. డిప్లొమా చదివిన నేను, ఆటోనగరులో పదిమంది మెచ్చుకునే పని ఒకటి చేసి చూపాలనుకున్నాను.

నాన్నగారు కాగితాన్ని చివరిదాకా చదివారు. “ఇంజను తీసేసిన తరువాత అది ఏ కారురా?” అన్నారు.

“మన గుడి రథానికి చక్రాలు మార్చలేదా నాన్నగారూ? ఇరుసు మార్చలేదా? అయినా అది మన రథమే కదా!” అన్నాను.

“చక్రాలు మార్చారు. దేవుణ్ణి మార్చలేదుగా,” అన్నారాయన.

నాకు జవాబు తోచలేదు. పక్కనే స్టూలు మీద కూర్చొని టీ తాగుతున్న సాయిబుగారు కలుగజేసుకున్నారు. “ఇంజను దేవుడు కాదండీ డాక్టరుగారూ, ఎద్దు. ఎద్దు ముసలిదైతే మార్చుకుంటాం. బండి మన బండే.”

నాన్నగారు నవ్వారు. ఆ నవ్వును నేను అంగీకారంగా తీసుకున్నాను. అది అంగీకారమో, విరమణో విచారించే ఓపిక నాకు లేకపోయింది.

లారీ గుద్దుకొని వెనుకభాగం నుజ్జయిపోయిన ఒక ఇసుజు అంబాసిడరు వేలంలో వచ్చింది. దాని ముందుభాగం చెక్కుచెదరలేదు. ఇంజను, అయిదు గేర్ల పెట్టె, రేడియేటరు, వాటిని మోసే బ్రాకెట్లు, అన్నింటికీ సంబంధించిన కాగితాలతో సహా కొన్నాము. ఇక్కడ ఒక మాట. ప్రతి వాహనం రిజిస్ట్రేషను పుస్తకంలో, మన వైపు సి-బుక్కు అంటారే, దానిలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ రాసి ఉండేవి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఇలాంటి మార్పుల గురించే చెబుతుంది. రవాణా శాఖ అనుమతి లేకుండా ఇంజను మార్చడం నేరం. మేము ముందుగానే దరఖాస్తు పెట్టుకున్నాము. కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో చెప్పి మిమ్మల్ని విసిగించను. చివరకు బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి, బ్లాకు మీద చెక్కిన అంకెలను టార్చిలైటు వేసి చదివి, పుస్తకంలో పాత నంబరు కొట్టివేసి కొత్తది రాసి సంతకం చేశారు.

ఇంజను దించడం, ఎక్కించడం ఒక్కరోజు పని. ఎక్కించినదాన్ని కారుతో పొందించడం ఇరవై రోజుల పని. గొలుసు కప్పీకి వేలాడదీసిన కొత్త ఇంజనును సాయిబుగారు బానెట్టు కింది గుంతలోకి అంగుళం అంగుళంగా దించుతూంటే, చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. దాదాపు ముప్పై ఏళ్ళ తేడా ఉన్నా రెండు కార్ల అస్థిపంజరం దాదాపు ఒక్కటే. అందుచేత అది చాలావరకు కూర్చున్నది. ఆ ‘చాలావరకు’ అన్న మాటలోనే కష్టమంతా ఉన్నది. పాత మౌంటింగుల రంధ్రాలకు, కొత్త బ్రాకెట్ల రంధ్రాలకు వేలెడు తేడా వచ్చింది. రంధ్రాన్ని సాగదీసి బిగిద్దామన్నాడు కుర్ర మెకానిక్కు ఒకడు. సాయిబుగారు వాడి చేతిలోని ఆకురాయి లాక్కొని, మందపు రేకుతో కొత్త బ్రాకెట్టు చేయించారు. ఇంజను వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా గేరుపెట్టె వెనుక తిరిగే షాఫ్టు మూలుగుతుందట. ఆ షాఫ్టు కూడా కొత్త గేరుపెట్టె పొడవుకు సరిపడలేదు. లేతు మీద కోసి, అతికించి, తూకం సరిచూసి మళ్ళీ బిగించారు. డైనమో పోయి ఆల్టర్నేటరు వచ్చింది కనుక పాత వైర్లన్నీ తీసివేయవలసి వచ్చింది. గుడ్డ చుట్టిన ఆ వైర్లు ముట్టుకుంటే పొడి పొడిగా రాలాయి.

స్టీరింగు కింద ఉన్న గేరు కర్ర కొత్త పెట్టెకు పనికిరాదు. కొత్త గేరు కర్ర నేలలోనుంచి పైకి రావాలి. అందుకోసం కారు నేలకు రంధ్రం కోసి, ముందు బల్లసీటును తీసివేసి రెండు విడి కుర్చీలు వేశారు. నేను చిన్నప్పుడు కూర్చున్న ఆ మధ్య చోటులో ఇప్పుడు గేరు కర్ర నిలబడి ఉన్నది. కోత మిషను నిప్పురవ్వలు చిమ్ముతుండగా చూస్తూ నిలబడ్డాను కానీ, ఏమి పోతున్నదో అప్పుడు నాకు తోచలేదు.

కొత్త స్పీడు మీటరు కూడా వచ్చింది. నాన్నగారు ఒక్క విషయంలోనే పట్టుబట్టారు. పాత మీటరే ఉండాలి, అంకె ఎక్కడ ఆగిందో అక్కడినుంచే తిరగాలి అని. సాయిబుగారు ఎలాగో కేబులు మార్చి దానినే తగిలించారు. పాత బ్లాకును పాత ఇనుము కింద తూకానికి వేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. రిక్షాబండి మీద వేయించి ఇంటికి తెప్పించి, పెరట్లో వేపచెట్టు కింద పెట్టించారు.

పని ముగిసిన రోజున సాయిబుగారు నన్ను పక్కకు పిలిచి, “బ్రేకులు కూడా చూద్దాం బాబూ. డ్రమ్ములు అరిగి ఉన్నాయి. బూస్టరు పెడదాం. ఇంకో వారం ఉంచండి,” అన్నారు. అది 1999 డిసెంబరు చివరి వారం. సంక్రాంతికి కారును ఊళ్ళో తిప్పాలని నా తొందర. అనుకున్నదానికంటే ఖర్చు కూడా ఎక్కువే అయింది. పండుగ తరువాత తెస్తానని చెప్పి, కారు తీసుకొని వచ్చేశాను.

కారు అద్భుతంగా నడిచింది. పూర్వం పామర్రు దాటేసరికి రొప్పే బండి ఇప్పుడు పాదం ఆనిస్తే చాలు ముందుకు దూకేది. ఊళ్ళో అందరూ ఎక్కి తిరిగారు, నాన్నగారు తప్ప. ఏదో ఒక పని చెప్పి తప్పుకొనేవారు. దగ్గరి ఊళ్ళకు మళ్ళీ సైకిలు తీశారు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన సైకిలు తొక్కుకుంటూ పోతుంటే, ఆ కారు పక్కన నిలబడి చూడడం నాకు అవమానంగా ఉండేది. కోపంగా కూడా ఉండేది.

2000 జనవరిలో, సంక్రాంతికి రెండు రోజుల ముందు, అమ్మను విజయవాడ నుంచి ఇంటికి తీసుకువస్తున్నాను. కంకిపాడు దాటాక రోడ్డు ఖాళీగా కనిపించింది. ఎంత వేగంగా పోతున్నానో నాకు తెలుసు. తెలిసే పోయాను. ఉయ్యూరు దగ్గరికి వస్తున్నాము. అది చెరకు గానుగాడే కాలం. చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే ఎడ్లబండ్లు బారులు తీరి ఉంటాయి. ఆ సంగతి ఆ దారిలో పుట్టి పెరిగిన నాకు తెలియనిది కాదు. మలుపు తిరిగేసరికి బారులో చివరి బండి కనిపించింది. బండి వెనుక ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల ఒకతె, మోపులోనుంచి ఒక చెరకుగడను రెండు చేతులతో పట్టుకొని లాగుతూ ఉన్నది. అటువైపునుంచి బస్సు వస్తున్నది. తప్పించడానికి చోటు లేదు.

బ్రేకు తొక్కాను. మొదట పట్టుకున్నట్లే అనిపించింది. తరువాత పాదం కింద పెడలు మెత్తగా దిగిపోయింది. కారు జారుతూనే ఉన్నది.

దీని కారణం ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉంటుంది. నాకు పరీక్షలో కూడా వచ్చింది. వేగం గంటకు 60 కిలోమీటర్ల నుంచి 90కి పెరిగితే, పెరిగింది ఒకటిన్నర రెట్లే అనిపిస్తుంది. కానీ కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే రెండుంపావు రెట్లు. బండి ఆగాలంటే ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చి వదిలించుకోవాలి. మా కారు నాలుగు చక్రాలకూ ఉన్నవి పాతకాలపు డ్రమ్ము బ్రేకులు. వేడెక్కిన కొద్దీ డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనింగు పట్టు తప్పుతుంది. ఆ బ్రేకులు 50 అశ్వశక్తుల బండి కోసం పుట్టినవి. ఈ లెక్కను నాన్నగారికి చూపిన కాగితం మీద నేను వేయలేదు.

కారు ఆగింది. చెరకుగడల చివర్లు ముందు అద్దానికి జానెడు దూరంలో ఉన్నాయి. ఆ పిల్ల బంపరుకూ బండికీ నడుమ నిలబడి ఉన్నది. కదలలేదు. ఏడవలేదు. లాగిన చెరకుగడ చేతిలోనే ఉన్నది. అమ్మ నుదురు ముందు బల్లకు కొట్టుకొని రక్తం కారుతున్నది. అయినా నాకంటే ముందు ఆమే తలుపు తీసుకొని దిగి, ఆ పిల్లను పక్కకు లాగి, తల నుంచి కాళ్ళదాకా తడిమి చూసింది. బండి తోలుతున్నవాడు దిగి వచ్చి నన్ను తిట్టిన తిట్లను ఇక్కడ రాయలేను. వాటిలో ఒక్కటీ అన్యాయమైనది కాదు.

ఆ తరువాత ఇంటిదాకా ముప్పైకి మించకుండా నడిపాను. అమ్మ నుదుటికి నాన్నగారు మూడు కుట్లు వేశారు. కుట్లు వేస్తున్నంతసేపూ జరిగింది చెప్పాను. ఏదీ తగ్గించి చెప్పలేదు. ఆయన తలెత్తకుండానే, “పిల్లకు ఏమీ కాలేదుగా?” అని అడిగారు. లేదన్నాను. చేతులు కడుక్కొని వచ్చి మళ్ళీ అదే అడిగారు. మళ్ళీ లేదన్నాను.

భోజనాల దగ్గర మాత్రం ఒక్కమాట అన్నారు. “సాయిబుగారు చెప్పిన ఎద్దు మాట బాగానే ఉంది. కోడెను కట్టావు సరే, ముకుతాడు పాతదే ఉంచావు.”

కనుమ వెళ్ళిన మరునాడు పొద్దున్నే ఆయన చొక్కా వేసుకొని, ఎర్ర పుస్తకం చంకలో పెట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. “పద, ఆటోనగరుకు,” అన్నారు. కొత్త ఇంజను పెట్టిన తరువాత ఆయన ఆ కారు ఎక్కడం అదే మొదటిసారి. దారి పొడుగునా మాట్లాడలేదు. ఉయ్యూరు మలుపు దగ్గర మాత్రం కిటికీలోనుంచి బండ్ల బారువైపు చూశారు.

సాయిబుగారి షెడ్డులో మూడు రోజులు కూర్చున్నారు. స్టూలు వేసుకొని, పని జరుగుతున్న చక్రం దగ్గరకల్లా దానిని జరుపుకుంటూ, ప్రతిదీ అడిగి తెలుసుకున్నారు. నాలుగు డ్రమ్ములూ కొత్తవి వేశారు. లైనింగులు, పైపులు, మాస్టర్ సిలిండరు మార్చారు. ఇంజను పీల్చే గాలివల్ల ఏర్పడే శూన్యాన్ని ఉపయోగించుకొని పాదం బలాన్ని పెంచే బూస్టరు బిగించారు. అది ఎలా పనిచేస్తుందో సాయిబుగారు వివరిస్తూంటే, నాన్నగారు సిరంజి బయటికి తీసి, మూతికి వేలు అడ్డం పెట్టి పిస్టను లాగి, “ఇదేనా?” అన్నారు. “అదేనండీ,” అన్నారు సాయిబుగారు. ఇద్దరు డాక్టర్లూ చాలాసేపు ఆ సిరంజితో ఆడుకున్నారు. ఆ మూడు రోజులూ నేను వారికి టీలు అందించాను.

మూడోనాటి సాయంత్రం బండిని పరీక్షించడానికి నాన్నగారే స్టీరింగు ముందు కూర్చున్నారు. గేరు కర్ర కోసం ఆయన చేయి అలవాటుకొద్దీ స్టీరింగు కిందికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఒక క్షణం ఆ చేయి గాలిలో ఆగి, తరువాత కిందికి దిగి కొత్త కర్రను వెదికి పట్టుకున్నది. ఆటోనగరు వెనుక దారిలో నాలుగుసార్లు వేగంగా పోయి, నాలుగుసార్లు బ్రేకు తొక్కారు. నాలుగుసార్లూ కారు తల వంచి నిలబడింది.

నాన్నగారు 2011లో కాలం చేశారు. అప్పటిదాకా ఆ కారును ఆయనే నడిపారు. చివరి రెండేళ్ళూ ఊరు దాటనిచ్చేవాళ్ళం కాదు. పాత బ్లాకు ఇంకా పెరట్లోనే ఉన్నది. వాన పడినప్పుడు దానిలో నీళ్ళు నిలుస్తాయి. దోమలు చేరుతున్నాయని అమ్మ సణుగుతూ కొబ్బరిచిప్పతో తోడి పోస్తూ ఉంటుంది. తీసివేయమని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఆయన పోయిన తరువాత ఎర్ర పుస్తకం నా చేతికి వచ్చింది. 1999 ఆగస్టు దాకా పేజీలు నిండుగా ఉన్నాయి. ఆ తరువాత రెండు పేజీలు ఖాళీ. అంత ఖాళీ ఆ పుస్తకంలో మరెక్కడా లేదు. ఉప్పెన రోజులకు కూడా లేదు. ఆ ఖాళీ పేజీల తరువాత 2000 జనవరి తేదీ వేసి, పాత మీటరు అంకె రాసి, కింద రెండే పంక్తులు:

‘ఇంజను మార్చితిమి. బ్రేకులు బాగున్నవి.’